ఏడో బంతి

లోవెల్ ప్రాటర్ అప్పటికి రెండు గంటలుగా మోకాళ్ళ మీద పాకుతున్నాడు. చేతిలో టేపు, చెవి మీద పెన్సిలు, కాళ్ళకి తెల్ల సాక్సులు. బూట్లు గుమ్మం బయట ఉన్నాయి. బాస్కెట్‌బాల్ ఆడే నేల మీదికి బూట్లతో అడుగు పెట్టకపోవడం ఆ పనివాళ్ళకి మొదటి నియమం. రోజుకి రెండు జతల సాక్సులు పాడవుతాయి. వ్యానులో ఒక సంచీనిండా ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

మొన్న పాత రంగూ వార్నిషూ మెషీనుతో గీకేశాడు. నిన్న మొదటి పూత వేశాడు. తెల్లారేసరికి మేపుల్ చెక్క పలకలు పలచటి తేనె రంగుకి తిరిగాయి. ఇవాళ గీతలు గీసి రంగు వేసే రోజు. రేపొకటి, ఎల్లుండొకటి పై పూతలు. ఆ తర్వాత వ్యాను ఎక్కి ఇంకో ఊరి బడికి పోవడం. ఇరవై రెండేళ్ళుగా ప్రతి వేసవీ ఇంతే.

ఆరడుగుల అయిదంగుళాల మనిషి. ఈ పనికి అంత పొడుగు అక్కర్లేదు, నిజానికి అడ్డం. వంగేటప్పుడు ముందు నడుము, తర్వాత మోకాళ్ళు, చివరికి మెడ ఒక్కొక్కటిగా మడత పడతాయి. లేచేటప్పుడు ఒక చెయ్యి నేలకి ఆనించి, కాసేపు ఆగి, ఊపిరి బిగబట్టి లేస్తాడు. గోళ్ళ చుట్టూ వార్నిషు పసుపు. ఏ సబ్బుకీ పోదు.

"ఏరా, నేల కొలుస్తున్నావా, నీకు గొయ్యి కొలుచుకుంటున్నావా?"

గుమ్మంలో బర్ల్ కూంబ్స్ నిలబడి ఉన్నాడు. ఆ బడికి కాపలా, ఊడ్పు, బాయిలరు అన్నీ అతనే. చేతిలో కాఫీ కప్పు, నోట్లో పుల్ల.

"నాకయితే ఇంకా పొడుగు కావాలి" అన్నాడు లోవెల్ తల ఎత్తకుండా.

"అదీ నిజమే. నీకు పెట్టె చేసేవాడు కలప దండగని తిట్టుకుంటాడు."

బర్ల్ ఒకప్పుడు ఇదే జిమ్ములో లోవెల్‌తో పాటు ఆడినవాడు. ఆడినవాడు అంటే, నాలుగేళ్ళూ బెంచీ మీద కూర్చుని తువ్వాళ్ళు అందించినవాడు. మొన్న వ్యాను దిగినప్పుడు లోవెల్‌ని గుర్తుపట్టి కూడా గుర్తుపట్టనట్టు ఒక పూటంతా గడిపాడు. మధ్యాహ్నానికి ఉండబట్టలేక, "మా అమ్మ పోయింది, తెలుసా?" అని మొదలుపెట్టాడు. అప్పట్నించి మాటలకి లోటు లేదు. పాత సంగతి ఒక్కటి మాత్రం ఎత్తడు.

లారెల్ గ్యాప్ లోవెల్ పుట్టిన ఊరు. కెంటకీ కొండల్లో రెండు గనుల మధ్య ఇరుక్కున్న ఊరు. ఇరవై రెండేళ్ళలో ఈ చుట్టుపక్కల జిల్లాల పని వచ్చినప్పుడల్లా ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాడు. ఈసారి రావలసిన మనిషి నడుం పట్టేసి మంచాన పడ్డాడు. యజమాని కాగితం మీద ఊరి పేరు రాసి ఇచ్చాడు. లోవెల్ దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు, అంతే.

బర్ల్ వెళ్ళాక అతను ఫ్రీ త్రో లైను దగ్గరికి వచ్చాడు. ఎదుటివాళ్ళు తప్పు చేసినప్పుడు, ఎవరూ అడ్డు రాకుండా, ఒక్కడే నిలబడి బంతి వేసే గీత అది. రింగు వెనకుండే బోర్డు ముఖం నుంచి దారానికి సీసపు గుండు కట్టి కిందికి వదిలాడు. గుండు ఆగిన చోట పెన్సిలుతో చుక్క పెట్టాడు. అక్కణ్ణుంచి టేపు లాగాడు. పదిహేను అడుగులు. అక్కడ ఇంకో చుక్క.

ఆ చుక్క పాత గీత మీద పడలేదు.

ఎంత గీకినా పాత రంగు చెక్క ఈనెల్లో కొంత మిగులుతుంది. పూత కింద అది పాలిపోయిన మచ్చలా కనపడుతోంది. మచ్చ అతని చుక్కకంటే రింగుకి దగ్గరగా ఉంది. అతను టేపు చుట్టేసి మళ్ళీ లాగాడు. గుండు మళ్ళీ వదిలాడు. మూడోసారి కూడా అంతే. పాత గీత పద్నాలుగు అడుగుల ఎనిమిది అంగుళాల దగ్గర ఉంది. జిమ్ము అవతలి కొసకి నడిచి అక్కడా కొలిచాడు. అక్కడా పద్నాలుగు ఎనిమిదే.

చొక్కా జేబులోంచి కాగితం ముక్క తీసి, 14-8 అని రాసుకుని, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఎందుకు రాసుకున్నాడో అతనికే తెలియదు. మరిచిపోయే అంకె కాదు.

తర్వాత వెళ్ళి సాక్సులతో ఆ పాత మచ్చ మీద నిలబడ్డాడు. కాళ్ళు వాటంతటవే సర్దుకున్నాయి, కుడిది కొంచెం ముందుకి. మోకాళ్ళలో ఆ కాస్త వంగుడు వచ్చింది. కుడి చెయ్యి నడుం దాకా లేచింది. అతను చూసుకుని దించేశాడు.

కాలేజీలో చేరిన మొదటి నెల అతను వేసిన ప్రతి బంతీ రింగు ముందు అంచుకి తగిలి పడిపోయేది. లారెల్ గ్యాప్‌లో వరసగా నలభై వేసినవాడు అక్కడ నాలుగు వేయలేకపోయాడు. పెద్ద హాలు, దీపాల వెలుగు, అలవాటు లేదు అనుకున్నాడు. అందరూ అదే అన్నారు. ప్రతిరోజూ అందరికంటే ముందు వచ్చి, మోకాళ్ళని ఇంకాస్త వంచడం నేర్చుకున్నాడు. నెలకి బంతులు లోపల పడ్డాయి. ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ తలుచుకోలేదు.

కాలేజీలో మూడో ఏడు, ఆట కోసం వాళ్ళు దిగిన హోటల్‌కి ఒక మనిషి వచ్చాడు. బూడిద రంగు టోపీ, చాలా మర్యాదస్తుడు. ఓడిపొమ్మని అడగలేదు. గెలవండి, కాకపోతే తక్కువ తేడాతో గెలవండి అన్నాడు. మీరు పన్నెండు పాయింట్లతో గెలుస్తారని జనం పందెం కాస్తున్నారు, ఎనిమిదితో గెలిస్తే మీకేం పోతుంది అన్నాడు. గెలుపు గెలుపే కదా అని లోవెల్‌కి కూడా అనిపించింది. మూడు ఆటల్లో ఆరు ఫ్రీ త్రోలు కావాలని వదిలేశాడు. ఎడమకి మూడు, కుడికి రెండు, ఒకటి బోర్డుకి గట్టిగా కొట్టి. మూడు ఆటలూ వాళ్ళే గెలిచారు. ఆ డబ్బుతో అమ్మకి బట్టలుతికే యంత్రం కొని పంపాడు. ఆ తర్వాత, ఎందుకో ఒక పొద్దున లేచి, ఇక నావల్ల కాదని ఆ మనిషికి చెప్పేశాడు.

మార్చిలో పెద్ద పోటీ. ఒక్క పాయింటు వెనక ఉన్నారు. రెండు సెకన్లు ఉన్నాయి. లోవెల్ గీత మీద నిలబడ్డాడు. మొదటిది పడితే సమం, రెండోది కూడా పడితే గెలుపు. మొదటిది పడింది. రెండోది రింగు ముందు అంచుకి తగిలి కింద పడింది. అదనపు సమయంలో ఓడిపోయారు.

అక్టోబరులో పందేల సంగతి బయటపడి పోలీసులు వచ్చారు. జడ్జి జైలుకి పంపలేదు, ఇక ఎక్కడా ఆడకూడదన్నాడు. పేపర్లు ఏడు అని రాశాయి. ఆరు అని లోవెల్ చెప్పాడు. పోలీసులకి చెప్పాడు, జడ్జికి చెప్పాడు, అమ్మకి చెప్పాడు, మూడేళ్ళు కాపురం చేసి వెళ్ళిపోయిన భార్యకి చెప్పాడు. ఆ ఆరు బంతులకీ వంచిన తల అతను ఎన్నడూ ఎత్తలేదు. ఆ ఏడోది మాత్రం అమ్మిన బంతి కాదు, చేతకాక పోయిన బంతి. ఆ ఒక్క మాట ఒక్కరు నమ్మితే చాలని ఇరవై ఎనిమిదేళ్ళుగా అనుకుంటున్నాడు. అమ్మ కూడా నమ్మలేదు. ఆ యంత్రాన్ని వరండాలో పెట్టి, అందులో బంగాళదుంపలు పోసి, బట్టలు చేత్తోనే ఉతుక్కుంది.

ఇప్పుడు పాత మచ్చకీ కొత్త చుక్కకీ మధ్య అరచెయ్యి పెట్టి చూశాడు. అడ్డంగా సరిగ్గా సరిపోయింది. కాళ్ళలో సత్తువ అయిపోయిన ఆ మార్చి ఆట చివర, నేర్చుకున్నదంతా పోయి, చెయ్యి సొంతూరికి వెళ్ళిపోయింది. సొంతూరు నాలుగు అంగుళాలు దగ్గర.

పదకొండు దాటాక బర్ల్ మళ్ళీ వచ్చాడు. ఈసారి పుల్ల నోట్లో లేదు.

"లెనోరా ఫోన్ చేసింది. మన కోచ్ ముసలాయన నిన్ను భోజనానికి రమ్మంటున్నాడట."

లోవెల్ టేపు చుట్టాడు.

"ఇక్కడున్నానని ఆయనకెవరు చెప్పారు?"

"ఈ ఊళ్ళో ఎవరు చెప్పారని అడుగుతావేంట్రా? ఎవరు చెప్పలేదని అడుగు. వెళ్ళు. ఆ ఊపిరితిత్తులు ఇంకెన్నాళ్ళో ఆడవని డాక్టరు అన్నాడు. చొక్కా మార్చుకో. రంగుల డబ్బాలో పడి లేచినవాడిలా ఉన్నావు."

కోచ్ హోబర్ట్ స్పర్లాక్ ఇల్లు బడి వెనక రెండో వీధిలో ఉంది. ముప్ఫై ఏడేళ్ళు ఆ బడి పిల్లలకి ఆట నేర్పాడు. జిమ్ములో గీతలు కూడా ఆయనే గీసేవాడు. మూడేళ్ళకొకసారి, వేసవిలో, ఒక్కడే, ఎవర్నీ చెయ్యి వేయనిచ్చేవాడు కాదు. అక్టోబరు తర్వాత లోవెల్ రాసిన రెండు ఉత్తరాలకి ఆయన జవాబు రాయలేదు.

తలుపు లెనోరా తీసింది. కోచ్ కూతురు, తలంతా నెరిసింది. "జుట్టు పోయిందే నీకు" అంది. అంటూనే లోపలికి దారి ఇచ్చింది.

ముందు గదిలో కిటికీ పక్కన మంచం. కిటికీలోంచి జిమ్ము రేకుల కప్పు కనపడుతుంది. మంచంలో మనిషి చాలా చిన్నగా ఉన్నాడు. దిండు మీద చెవులు మాత్రం అప్పటివే, పెద్దవి. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు.

"కూర్చో. ఆ కుర్చీ వద్దు, విరుగుతుంది. దాని పక్కది."

లోవెల్ కూర్చున్నాడు. లెనోరా చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె, కోసిన టమాటాలు పెట్టిన పళ్ళెం తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. ముసలాయనకి చెంచాతో మజ్జిగ పట్టి వెళ్ళింది.

"తిను. మొహమాటపడ్డానికి నువ్వేం పెళ్ళికొడుకువి కాదు."

"సరే, కోచ్."

లోవెల్ చెంచాతో గింజలు తినడం మొదలుపెట్టాడు.

"మెషీను చప్పుడు విన్నాను మొన్న. చెక్క మందం ఇంకా ఎంత మిగిలింది?"

"ఇంకో రెండుసార్లు గీకచ్చు, కోచ్. మంచి చెక్క."

"మంచి చెక్కే." ఆయన కిటికీ వైపు చూశాడు. "ఎన్ని?"

లోవెల్‌కి వేరే వివరం అవసరం లేకపోయింది.

"ఆరు."

"పేపర్లో ఏడు."

"ఆరే, కోచ్. ఆఖరిది నేను నిజంగానే తప్పాను."

ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాడు లోవెల్.

"నాలుగేళ్ళు నా కళ్ళ ముందు వేశావు. ఎడమకి పోవడం చూశాను. కుడికి పోవడం చూశాను. దాటిపోవడం చూశాను. చాలక ముందు పడిపోవడం... ఒక్కసారి చూశానా? ఒక్కసారి? నీ చేతికి చాలకపోవడం అన్నది లేదురా. నేనది పందెం... ఛ, ఆ మాట వద్దు. నేను బైబిల్ మీద చెయ్యి వేసి చెప్పేవాణ్ణి." ఊపిరి తీసుకున్నాడు. "ఆ రోజు రేడియో వింటున్నాను. రింగు ముందు అంచుకి తగిలిందన్నాడు. లేచి కట్టేశాను. లెనోరా, ఏమైంది నాన్నా అంది. ఏమీ లేదన్నాను. పేపరు అక్టోబరులో చదివారు అందరూ. నాకు మార్చిలోనే తెలుసు."

లోవెల్ చెంచా పళ్ళెంలో పెట్టాడు. చెయ్యి దానంతటది చొక్కా జేబు మీదికి వెళ్ళింది. కాగితం గుడ్డలోంచి వేలికి తెలుస్తోంది.

"కోచ్, ఆ గీత..."

"గీతకేం?" ముసలాయన కళ్ళు తెరిచాడు. "దాని కోసమే పిలిచాను. ఆ బీరువా సొరుగు లాగు. పైది."

సొరుగులో విజిలు, రెండు పాత కళ్ళజోళ్ళు, ఉండగా చుట్టిన దారం ఉన్నాయి. లావుపాటి నూలు దారం, చేపలవాళ్ళు వాడే రకం. ఒక కొసకి రాగి ఉంగరం, ఇంకో కొసకి ఎర్ర రంగు పూసి ఉంది.

"మా నాన్న మేస్త్రీ. పదిహేను అడుగులు ఆయన కొలిచి ఇచ్చాడు, నేను ఉద్యోగంలో చేరిన ఏడు. ప్రతిసారీ దీంతోనే గీశాను. టేపులు సాగుతాయి, ఇనుప టేపు ఎండకి సాగుతుంది. నువ్వు కూడా దీంతోనే గీయి."

లోవెల్ ఉండ విప్పుతూ పోయాడు. సుమారు సగంలో వేలికి ముడి తగిలింది. చిన్నదే, నల్లబడి రాయిలా బిగిసిపోయి ఉంది. దాని రెండు పక్కలా తెగిన కొసలు కురచగా బయటికి ఉన్నాయి.

"ఇదీ..."

"తెగింది ఒకసారి. నలభై మూడులో. ముడేశాను. దారానికేం కాలేదు."

లోవెల్ ఈ బడిలో చేరింది నలభై నాలుగులో.

"ఈ ఊళ్ళో చాలామంది చాలా చేశారు" అన్నాడు ముసలాయన. "గని తవ్వారు, వంతెన కట్టారు. గని కూలింది, వంతెన కొట్టుకుపోయింది. నేను చేసింది ఆ గీత ఒక్కటే. ఏ బడివాళ్ళు వచ్చినా ఇంత తిన్నని గీత చూడలేదనే వాళ్ళు." మళ్ళీ ఆగాడు. "నువ్వేదో అడగబోయావు. గీత గురించి."

కిటికీ అవతల ఎవరో గడ్డి కోస్తున్నారు. లోవెల్ దారాన్ని మళ్ళీ ఉండగా చుట్టాడు. ముడి దగ్గర వేలు ఆగింది, ముందుకి వెళ్ళింది.

"ఏ రంగు వేయమంటారో అని, కోచ్."

"తెలుపే. ఇంకేం రంగు వేస్తారు? ఇరవై ఏళ్ళు పని చేసి ఇదా నువ్వు నేర్చుకున్నది?"

"తెలుపే వేస్తాను."

అతను లేచేటప్పుడు ముసలాయన చెయ్యి చాపాడు. అతని పొడుగాటి వేళ్ళు పట్టుకుని, వెనక్కి తిప్పి, గోళ్ళ చుట్టూ పసుపు చూశాడు. వదిలేశాడు.

బడికి తిరిగి వచ్చేసరికి రెండయింది. బర్ల్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"తిట్టాడా?"

"భోజనం పెట్టాడు."

"అయితే తిట్టినట్టే. లెనోరా వంట తిన్నావు కదా."

లోవెల్ బూట్లు విప్పి, సాక్సులు మార్చుకుని లోపలికి వెళ్ళాడు. రాగి ఉంగరాన్ని బోర్డు కింద పెన్సిలు చుక్క మీద ఉంచి, కదలకుండా ఒక బరువు పెట్టి, దారం బిగించి పట్టుకుని వెనక్కి నడిచాడు. ఎర్ర కొస వెళ్ళి పాత మచ్చ అంచు మీద ఆగింది, వెంట్రుక తేడా లేకుండా. ఆయన చెయ్యి అంత నిక్కచ్చి.

అలాగే చాలాసేపు వంగి ఉన్నాడు. ఆ కొస దగ్గరే గీత గీస్తే ఆయన అడిగింది చేసినట్టవుతుంది. గీతా ఉంటుంది, ముడీ ఉంటుంది. ఎప్పుడో ఒకనాడు ఇంకెవడో టేపు పట్టుకుని వచ్చి కొలుస్తాడు, నాలుగు అంగుళాలు తేడా ఏమిటని అడుగుతాడు, దారం చూస్తాడు. అప్పుడయినా లోవెల్ ప్రాటర్ ఏడో బంతి గురించి ఎవరో ఒకరు మాట్లాడుకుంటారు. అప్పటి దాకా ఈ ఊరి పిల్లలు ఇక్కడ నలభై వేసి, వేరే ఊరు వెళ్ళి నాలుగు వేయలేక, దీపాల వెలుగు అనుకుంటారు.

టేపు తీశాడు. పదిహేను దగ్గర చుక్క పెట్టాడు. జిమ్ము అవతలి కొసన కూడా పెట్టాడు. రెండు వైపులా అంటుకాగితం అతికించి, తెల్ల రంగు డబ్బా మూత తీసి, రెండంగుళాల కుంచెతో గీతలు వేశాడు. కుంచె ఎక్కడా ఆగలేదు. తర్వాత గీత నుంచి రింగు కింద దాకా ఉండే చోటంతా బడి రంగు, నీలం, రోలరుతో పూసుకుంటూ పోయాడు. మొదటి రోలరు వరుసకే పాత మచ్చ కనపడకుండా పోయింది. అతను ఆ వరుస మీదనే ఇంకోసారి పోనిచ్చాడు.

రంగు ఆరేలోపు బల్ల మీద కూర్చుని దబ్బనంతో ముడి విప్పాడు. ముప్ఫై ఆరేళ్ళ ముడి. పోగు తెగకుండా, ఒక్కొక్క మెలికా వదులు చేస్తూ, గంటన్నర పట్టింది. విప్పాక రెండు ముక్కల్నీ కొసకి కొస ఆనించి టేపు పక్కన పరిచాడు. సరిగ్గా పదిహేను అడుగులు. మేస్త్రీ కొలత. కొసలు రెండూ ఆనించి, మైనం పట్టించిన సన్న దారంతో పైన బిగుతుగా చుట్టుకుంటూ అతికాడు. ముడి లేకుండా, అంగుళం పోకుండా.

జేబులో కాగితం తీసి చూశాడు. నీలం రంగు అడుగున మిగిలిన డబ్బాలో పడేసి, కుంచె కర్రతో కలిపి, మూత కొట్టాడు.

దారాన్ని పొడుగు మడతలుగా చుట్టి, తీసుకువెళ్ళి అవతలి బోర్డు కింద గోడకి ఉన్న మేకుకి తగిలించాడు. పని అయ్యాక లెనోరాకి ఇచ్చి వెళదామనుకున్నాడు.

గీతలు మొదలుపెట్టిన మూడో రోజు మధ్యాహ్నం ఆఖరి పూత. అవతలి గోడ దగ్గర మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ, తను నిలబడ్డ చోటుని కూడా పూసుకుంటూ గుమ్మం దాకా రావాలి. ఈ పనిలో ఎవరూ ముందుకి నడవరు. మూడొంతులు అయ్యాక మేకు మీద దారం గుర్తొచ్చింది. అప్పటికే దానికీ అతనికీ మధ్య నేలంతా తడిగా మెరుస్తోంది. ఆ వైపు తలుపు లేదు. రేపు కాదు, ఎల్లుండి ఎవరో ఒకరు తీసి ఇస్తారులే అనుకుని పని సాగించాడు.

గుమ్మం చేరేసరికి వెనక బర్ల్ నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది.

"పోయాడు" అన్నాడు. "ఇందాకే. నిద్రలో."

లోవెల్ చివరి పలక మీద బ్రష్షు లాగాడు. గుమ్మం దాటి నిలబడ్డాడు.

"రేపు మధ్యాహ్నం పూడుస్తారు. లెనోరా ఒకటి అడగమంది. ఆ దారమేదో నీ దగ్గర ఉందట కదా, ఆయన కోటు జేబులో పెడతానంది."

లోవెల్ తడి నేల అవతలికి చూపించాడు. బర్ల్ చూశాడు.

"నడిచి తెస్తే?"

"అడుగులు పడతాయి."

"మళ్ళీ పూయచ్చు కదరా."

"ఆయన కోసం, ఆయన నేల మీద, తడి వార్నిషులో నడవమంటావా?"

బర్ల్ ముక్కు తుడుచుకున్నాడు. "లేచి వచ్చి ఇద్దర్నీ తంతాడు" అన్నాడు. కాసేపటికి, "రేపు ఉంటావా?" అన్నాడు.

"పైక్‌టన్‌లో పని మొదలుపెట్టాలి. పొద్దున్నే."

బ్రష్షులు కడిగి, డబ్బాలు వ్యానులో సర్ది, బూట్లు వేసుకున్నాడు. బర్ల్‌కి తాళం ఇచ్చి, రెండు రోజులు ఎవర్నీ అడుగు పెట్టనివ్వద్దని చెప్పాడు. వ్యాను కోచ్ ఇంటి వీధి మొగలో కాస్త నెమ్మదించి, మలుపు తిరిగి, కొండ దిగి వెళ్ళిపోయింది.

దుమ్ము పడకుండా కిటికీలన్నీ బిగించిన జిమ్ములో, ఎవరూ దాటి వెళ్ళలేని మెరిసే నేలకి అవతల, మేకు మీద ఆ దారం కదలకుండా వేలాడుతోంది. రాగి ఉంగరం పైన, ఎర్ర కొస కింద. మధ్యలో ఇన్నాళ్ళూ ముడి ఉన్న చోట ఒక మెలిక మాత్రం ఇంకా పోలేదు.